సందు పట్టని బండి

కొత్త బండి ఇంటికొచ్చిన రోజునే సందులో పట్టలేదు.

గాజువాకలో ఆ సందు వెడల్పు ఎంతో అంతవరకూ ఎవరూ కొలవలేదు. ఆటో వస్తుంది, పాలవాడి మోటారు సైకిలు వస్తుంది, పెళ్ళిళ్ళకి షామియానా పడుతుంది. అంతకు మించి ఎవరికీ అవసరం రాలేదు. అర్జునరావు ఎనిమిది మంది కూర్చునే ఆ తెల్లటి బండిని సందు మొగలో ఆపి, రెండు గోడలవైపూ ఒకసారి చూసి, అద్దాలు మడిచి, మెల్లగా లోపలికి పోనిచ్చాడు. నాలుగిళ్ళు దాటాడో లేదో కర్రుమని చప్పుడైంది. పైడితల్లి గుమ్మం ముందున్న మెట్టు అంచు ఊడి పడింది. బండికి రెండు తలుపుల పొడుగునా గీత పడింది.

"ఓలమ్మో! నా మెట్టు నీకేటి సేసిందిరా అర్జునా?" అంటూ పైడితల్లి చేట చేత్తో పట్టుకునే బయటికొచ్చింది. బండిని ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూసింది. "కారు కొనుక్కోరా అంటే ఇల్లు కొనుక్కొచ్చినావేటి?"

హారతి పళ్ళెంతో ఇంటి ముందు నిలబడ్డ రోజారమణికి నవ్వాగలేదు. భర్త మొహం చూశాక నవ్వు దానంతటదే ఆగిపోయింది. పళ్ళెం పట్టుకుని తనే బండి దగ్గరికి నడిచి, అక్కడే, ఊడిన మెట్టు పక్కనే దిష్టి తీసింది. తరవాత వీధిలో సగంమంది వెనక నిలబడి అరుస్తూ ఉంటే అర్జునరావు పావుగంట సేపు వెనక్కి తీసి, బండిని సందు మొగ పక్కనున్న ఖాళీ జాగాలో పెట్టాడు.

ఆ బండి కొనడానికి ఒక కారణం ఉంది. అర్జునరావు తమ్ముడు నాగవంశీకి కిందటేడు పెళ్ళయింది. ధనలక్ష్మి కోడలిగా వచ్చాక ఇంట్లో ఆరుగురయ్యారు. పాత కారులో ఐదుగురికే చోటు. సింహాచలం వెళ్ళాలన్నా, భీమిలి వెళ్ళాలన్నా గుమ్మం దగ్గర ఒక నిమిషం ఎవరూ మాట్లాడేవారు కాదు. ఆ నిమిషం గడవకముందే రోజారమణి అనేది: "మీరెల్లండి. నాకు బట్టలు ఇస్త్రీ ఉన్నాయి." ఆమె ఆ మాట ఎంత మామూలుగా అనేదంటే, నిజంగానే ఇస్త్రీ అంటే ఆమెకి ఇష్టమని ఇంట్లో అందరూ అనుకున్నారు.

ఒకరోజు అర్జునరావు స్టీల్‌ప్లాంటులో బి షిఫ్టు దిగి వచ్చి, అన్నం తింటూ ఫోన్లో అరకు ఫోటోలు చూసుకున్నాడు. అమ్మ చిలకమ్మ ఉంది. కూతురు దేవిశ్రీ ఉంది. తమ్ముడూ మరదలూ ఉన్నారు. రోజా ఎక్కడా లేదు. ఫోటోలు తీసింది ఆమే కాబోలనుకున్నాడు. మరో నాలుగు ముద్దలు తిన్నాక గుర్తొచ్చింది, అసలు ఆమె రానేలేదు. నెల తిరగకుండా పాత కారు ఇచ్చేసి ఆ తెల్లటి బండి తెచ్చాడు.

మొదటి ఆదివారం అందరూ కలిసి భీమిలి వెళ్ళారు. రోజారమణి మధ్య వరసలో కిటికీ పక్కన కూర్చుంది. అంత ఎత్తు నుంచి ఆమె ఊరిని ఎప్పుడూ చూడలేదు. ఇళ్ళ ప్రహరీలు దాటి పెరట్లలో ఆరేసిన చీరలు కనిపించాయి. బీచ్ రోడ్డు మీద గోడ అవతల సముద్రం మొత్తంగా కనిపించింది. వెనక వరసలో నాగవంశీ మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయని గోల పెట్టాడు. ప్లాస్టిక్ పీట వేసి ఎక్కించిన చిలకమ్మ ముందు సీట్లో కూర్చుని, దారిన పోయేవాళ్ళందరినీ తను పిలిచిన పేరంటాళ్ళలాగా చూసింది.

కానీ ఆ పెద్ద బండి సుఖం కూర్చున్నవాళ్ళకే, తోలేవాడికి లేదు. భీమిలిలో తిప్పబోతే కొబ్బరిబొండాల బండికి తగిలింది. ఎన్‌ఏడీ కూడలి దగ్గర లైను మారబోతే బస్సువాడు కిటికీలోంచి తల బయటపెట్టి తిట్టాడు. ఎక్కడికి వెళ్ళినా ముందు వెతకాల్సింది బండికి చోటు. డీజిలు మంచినీళ్ళలాగా తాగేది. కడగాలంటే ఎనిమిది బకెట్లు. ఇక సందులో ఎవరికి ఆసుపత్రి పని పడ్డా, ఎవరింటి చుట్టాలు రైలు దిగినా, "అర్జునా, మీది పెద్ద బండి కదా!" అంటూ వచ్చేవారు.

రెండు నెలల్లో ఆ బండి మూడుసార్లు ఆటోనగర్‌లో జిలానీ బాషా షెడ్డుకి వెళ్ళింది. సొట్టలు తీయడంలో అతని చేయి తిరిగింది. మూడోసారి అతను తలుపు తట్టి చూస్తూ అడిగాడు.

"రావన్నా, స్టీల్‌ప్లాంట్‌లో అంత పెద్ద క్రేన్ నడుపుతావు. దీన్ని నడపలేవా?"

"అక్కడ మరుగుతున్న ఉక్కు నా కింద ఏలాడతాది బాషా. సైరన్ కొడితే అందరూ తప్పుకుంటారు," అన్నాడు అర్జునరావు. "ఇక్కడ ఎవుడు తప్పుకుంటాడు? నాకు సేతులు సెమట పట్టేస్తన్నాయి."

ఆ తరవాత అతను బండి మీద కవరు కప్పి, స్కూటరు మీదే తిరిగాడు. నాగవంశీకి బైకు తప్ప చేతకాదు. కవరు మీద వేపాకులు రాలాయి. ఒక పిల్లి కాపురం పెట్టింది. చివరికి ఒక రాత్రి భోజనాల దగ్గర అర్జునరావు తల ఎత్తకుండా, "అమ్మీద్దాం," అన్నాడు.

ఆ వారంలోనే రోజారమణి తమ్ముడు సుమంత్ ముహూర్తం కబురు పట్టుకొచ్చాడు. సబ్బవరం అవతల కొత్త కాలనీలో ఇల్లు కట్టాడు. ఇంకో మూడు నెలలకి, మాఘమాసంలో గృహప్రవేశం, ఉదయం పదీ ఇరవైకి ముహూర్తం. పాలు పొంగించాల్సింది ఆడపడుచులు. చిలకమ్మ రోజాకి అత్తగారే కాదు, సొంత మేనత్త కూడా. అంటే ఆ ఇంటికి పాత ఆడపడుచూ కొత్త ఆడపడుచూ ఇద్దరూ ఈ కప్పు కిందే ఉన్నారు.

సుమంత్ వెళ్ళాక రోజారమణి కంచాలు తీస్తూ అంది. "బండి అమ్మకు బావా. నాను నేర్సుకుంటాను."

"ఏటి నేర్సుకుంటావ్?"

"తోలడం."

నాగవంశీ నవ్వబోయి, ధనలక్ష్మి మోచేత్తో పొడిస్తే మానుకున్నాడు. అర్జునరావు భార్య వైపు చూశాడు. ఆమెకి నలభై ఆరేళ్ళు. ఇన్నేళ్ళలో ఆమె తనకంటూ ఏదైనా అడిగినట్టు అతనికి గుర్తు రాలేదు.

"నాకే సేతకానేదు, నీకు..." అని మొదలుపెట్టాడు గానీ, చిలకమ్మ మధ్యలోనే అందుకుంది. "నీకు సేతకాపోతే దానికి సేతకాదని ఎక్కడ రాసుందిరా? నేర్సుకోనీ."

జిలానీ బాషా ఆటోనగర్ పక్క ఖాళీ మైదానంలో ఆదివారాలు పొద్దున్నే నేర్పాడు. నాలుగు ఖాళీ పెయింటు డబ్బాలు పెట్టి, వాటి మధ్యలోంచి బండి తీయమనేవాడు. అతని భార్య మెహబూబ్ బీ ఫ్లాస్కుతో టీ తెచ్చి వెనక సీట్లో కూర్చునేది. రోజారమణి బ్రేకు తొక్కిన ప్రతిసారీ "యా అల్లా!" అనేది. మొదటి ఆదివారం నాలుగు డబ్బాలూ నలిగాయి. రెండో ఆదివారం రెండు.

"వొదినా, బండి పెద్దదని జడవొద్దు," అనేవాడు జిలానీ బాషా. "ముందు చక్రం మీరు తిప్పినట్టు తిరుగుతాది. వెనక చక్రానికి దాని దారి దానిదే. అదెక్కడుందో ఎప్పుడూ మనసులో ఉండాల."

అది ఆమెకి వెంటనే అర్థమైంది. ఇంటెడుమందిని వెంటేసుకుని ఇరవై మూడేళ్ళుగా నడుస్తున్న మనిషికి వెనకున్నవాళ్ళ సంగతి ప్రత్యేకంగా చెప్పాలా? ఏడో ఆదివారం డబ్బాలు నాలుగూ నిలబడే ఉన్నాయి. మెహబూబ్ బీ టీ ఒక్క చుక్క ఒలకలేదు. లైసెన్సు పరీక్ష మొదటిసారి పోయింది, రెండోసారి వచ్చింది. కార్డు ఇంటికి వచ్చిన రోజున ఆమె దాన్ని దేవుడి గూట్లో పెట్టి, కాసేపయ్యాక మనసాగక తీసుకుని మళ్ళీ చూసుకుంది.

గృహప్రవేశం రోజు ఉదయం ఏడున్నరకి బండి బయల్దేరింది. ఇంటివాళ్ళు ఆరుగురు. ఏడో మనిషి పైడితల్లి. ఆమెని ఎవరూ పిలవలేదు. "నా మెట్టు ఇరగ్గొట్టిన బండిలో నాకు సోటుండదా?" అని పట్టుచీర కట్టుకుని సందు మొగలో ముందే వచ్చి నిలబడింది. మిగిలిన చోటంతా పూలబుట్టలూ, పసుపు రాసిన గుమ్మడికాయలూ, పాలు కాచే ఇత్తడి గిన్నే, పెట్టాల్సిన బట్టలూ. వెనక అద్దం పూర్తిగా కప్పబడిపోయింది.

ఎన్‌ఏడీ దాటేదాకా ఏడుగురిలో ఆరుగురు నోటితో తోలారు. "ఎడమకి, ఎడమకి!" "బస్సుని పోనీయే!" "వదినా, గేరు!" రోజారమణి రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. గోపాలపట్నం, పెందుర్తి దాటాయి. ఎండ వెచ్చబడింది. రోడ్డుకి రెండువైపులా చెరుకు తోటలు మొదలయ్యేసరికి వెనక అందరూ మాటలు మానేసి అరిసెలు తినడం మొదలుపెట్టారు. అది గమనించి ఆమె లోలోపల నవ్వుకుంది. తోలేవాళ్ళ మీద నమ్మకం కుదిరితేనే మనుషులకి ఆకలేస్తుంది.

సబ్బవరం దాటాక సుమంత్ చెప్పిన అడ్డదారిలోకి తిరిగారు. గెడ్డ గట్టు మీద మట్టిరోడ్డు అది. ఒకవైపు నీళ్ళు పారే గెడ్డ, ఇంకోవైపు నిలువెత్తు లోతులో పొలం. సగం దూరం వెళ్ళేసరికి ఎదురుగా చెరుకు ట్రాక్టరు వచ్చి ఆగింది. ట్రాలీ నిండా, దారికి అటూ ఇటూ పొడుచుకొచ్చేలా చెరుకు.

ట్రాక్టరు మీది మనిషి దిగి వచ్చాడు. "అమ్మా, ఈ బరువుతో ట్రాలీ ఎనక్కి రాదు. మీరే తియ్యాల. ఎనకాల మోటారు షెడ్డు కాడ సోటుంది." స్టీరింగు ముందున్నది ఆడమనిషని అప్పుడు గమనించినట్టున్నాడు. పక్క సీట్లో అర్జునరావు వైపు చూసి, "బావా, నువ్వు కూకోరాదా?" అన్నాడు.

మోటారు షెడ్డు రెండొందల అడుగుల వెనక ఉంది. టైము పది కావస్తోంది. బండిలో అందరూ అర్జునరావునే చూస్తున్నారు. అతని నుదుటి మీద చెమట పట్టింది. తలుపు తెరుచుకుని కిందికి దిగాడు.

ఇటువైపు వచ్చి తనని లేవమంటాడనుకుంది రోజారమణి. సీటు బెల్టు మీద చేయి కూడా వేసింది. కానీ అతను ఆమె పక్కకి రాలేదు. బండి వెనక్కి నడిచాడు. పక్క అద్దంలో అతను కనిపించాడు, ఇరవై అడుగుల దూరంలో, గట్టు మధ్యలో నిలబడి కుడి చేయి పైకెత్తాడు.

ప్లాంటులో క్రేను మీద కూర్చున్నవాడికి కింద ఏముందో సరిగా కనబడదు. కింద నిలబడ్డ మనిషి చేతులు ఎలా చెబితే అలా నడపాలి. ఆ చేతులు చూస్తూ ఇరవై రెండేళ్ళు బతికినవాడు ఇప్పుడు తన చేతులెత్తాడు.

"ఎవులూ మాట్టాడకండి," అంది రోజారమణి. "నాను బావ సేతులే సూడాల."

పైడితల్లి కూడా నోరు మూసుకుంది. బండి వెనక్కి కదిలింది. అర్జునరావు వేళ్ళు మెల్లగా పిలుస్తున్నాయి: రా, రా. అరచేయి కొంచెం వంగితే ఆమె స్టీరింగు కొంచెం తిప్పింది. అరచేయి నిలబడితే చక్రం సరిచేసింది. సగం దూరంలో గట్టు అంచు మట్టి విరిగి గెడ్డలో పడిన చప్పుడైంది. అతని పిడికిలి బిగుసుకుంది. ఆమె బ్రేకు తొక్కింది. చిలకమ్మ కళ్ళు మూసుకుంది. అర్జునరావు వంగి, వెనక చక్రం చూసి, లేచి, తాపీగా ముందుకి పొమ్మని చేయి చూపించాడు. ఒక మూర ముందుకి. ఆగు. ఇప్పుడు ఇటు. రా.

ఆ చేయి చెప్పినట్టే ఆమె బండిని ఒక్కో అడుగూ వెనక్కి తెచ్చింది.

మోటారు షెడ్డు పక్కన బండి నాలుగు చక్రాలూ చోటు చేసుకుని నిలబడ్డాక లోపల ఒక్కసారిగా ఈలలూ, చప్పట్లూ. దేవిశ్రీ వెనక నుంచే తల్లి మెడ కావలించుకుంది. ట్రాక్టరు పక్కనుంచి పోతూ ఆగింది. "నా పేరు గవర్రాజు. ఈ గట్టు మీద రోజూ తిరుగుతాను," అంటూ ఆ మనిషి పది చెరుకు గడలు లాగి కిటికీలోంచి ఇచ్చాడు. "అక్కా, బండి ఎన్నేళ్ళనుండి తోలతన్నావ్?"

"లైసెన్సొచ్చి ఇరవై రోజులు."

గవర్రాజు ఇంకో రెండు గడలు లాగి ఇచ్చాడు. ట్రాక్టరు వెళ్ళిపోయాక అర్జునరావు కిటికీ దగ్గరికొచ్చాడు. చొక్కా తడిసి వీపుకి అతుక్కుపోయింది. మొహం మాత్రం పెళ్ళిలో కూడా అంతలా వెలగలేదు.

"ఏటే, ఒక్క అంగుళం కూడా అటూ ఇటూ పోనీనేదు! మా ప్లాంటులో అందరికీ సెప్తాను."

"ముందు ఎక్కు బావా, ముహూర్తం దాటిపోతాది."

పదీ పన్నెండుకి సుమంత్ ఇంటి ముందు ఆగారు. అత్తా కోడలూ ఇద్దరూ ఒకే గిన్నెకి చెరోవైపు చేయి వేసి పాలు పొయ్యి మీద పెట్టారు. పొంగిన పాలు తూర్పు వైపుకే ఒలికాయి. "అల్లదీ!" అంది పైడితల్లి, అదంతా తన గొప్పే అన్నట్టు.

భోజనాలయ్యాక అర్జునరావు మెల్లగా భార్య పక్కకి చేరాడు. ఆ కాలనీలో ఇళ్ళింకా రాలేదు. వెడల్పాటి కొత్త రోడ్లు ఎండలో ఖాళీగా పడుకుని ఉన్నాయి.

"రోజా," అన్నాడు గొంతు తగ్గించి. "ఎనక్కి తియ్యడం నాకూ నేర్పుతావేటి?"

ఆమె తాళాలు అతని చేతిలో పెట్టింది. అతను ఎక్కి కూర్చున్నాడు. ఆమె బండి వెనక నిలబడి చేతులు ఊపడం మొదలుపెట్టింది. కుడికి అనబోయి ఎడమకి చూపించింది. బండి వంకరగా వచ్చి ఇసక గుట్ట ఎక్కి ఆగిపోయింది. అరుగు మీద కూర్చుని చెరుకు నములుతున్న చుట్టాలందరూ గొల్లుమన్నారు. కిటికీలోంచి తల బయటపెట్టిన అర్జునరావు అందరికంటే గట్టిగా నవ్వుతున్నాడు.

"మళ్ళీ!" అని కేకేసింది రోజారమణి, కొంగు నడుముకి దోపుకుంటూ.