భుజాల దగ్గర ఆగిన ఆది జాకెట్టు

నేను ఒక ఆది జాకెట్టును. కొత్తది కుట్టించుకునే ఆడవాళ్లు కొలతకోసం దర్జీకి ఇచ్చే పాతదాన్ని. మండపేటలో పుట్టాను. నెమలిరంగు నూలుగుడ్డ, మోచేతిదాకా చేతులు. ఇందుమతి నన్ను తొడుక్కున్నది కొన్నాళ్లే. సరిగ్గా కుదిరానని తెలిశాక దర్జీలకు పంపడం మొదలుపెట్టింది. మనుషుల తీరే అంత, బాగా నప్పినదాన్నే ఒంటికి దూరం చేస్తారు. ఎన్ని దుకాణాల్లో మేకులకు వేలాడానో! వేలాడినన్నాళ్లూ, మళ్లీ నాకోసం వస్తారో రారోనని ఒకటే గుబులు.

ఇందుమతికి తోడబుట్టింది రత్నం ఒక్కతే. లైన్‌మన్‌గా కరెంటు స్తంభాలెక్కి రిటైరైంది. ఊరంతా మగవాడనే అనుకుంది. తాను మగవాణ్ని కానని రత్నానికి చిన్నప్పుడే తెలుసు. నోరు తెరిచి చెప్పేసరికి అరవై దాటాయి. ఇప్పుడు డాక్టరు రాసిన మందులు వాడుతోంది, జుట్టు పెంచింది, తన గదిలో బనీనుమీదే చీర కట్టుకుంటోంది. గడప దాటితే మాత్రం చొక్కానే.

ఇందుమతి మనవరాలి పెళ్లి కుదిరింది. చీరలో వస్తానని, వద్దంటే రావడమే మానేస్తానని రత్నం అక్కకు చెప్పింది. ఇందుమతి ఔననలేదు, కాదనలేదు. రత్నం దర్జీ దగ్గరికి వెళ్తే అతను తలెత్తకుండా ఆది తెమ్మన్నాడట. ఈ వయసులో తనకు పాత జాకెట్టు ఒక్కటీ లేదని అతనికెలా చెబుతుంది? ఇందుమతి బీరువా తెరిచి, నన్ను రత్నం చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది. అది రమ్మనడమో, ఇది పుచ్చుకుని ఇక పొమ్మనడమో రత్నానికి అర్థం కాలేదు. నాకూ కాలేదు.

ఒక్కసారి తొడుక్కుని చూడాలనిపించిందేమో, రత్నం పక్కగదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. అక్కచెల్లెళ్లకు ఒకే కొలత సరిపోతుందనుకోవడం ఇద్దరి పొరపాటూ. స్తంభాలెక్కిన భుజాలవి. చేతులు నాలో సగం దూరి, వెనక్కి విరిచికట్టినట్టు ఉండిపోయాయి. పైకి రాను, కిందికి పోను. చిరుగుతానేమోనని నాకు భయం, చింపుతానేమోనని ఆమెకు. చివరికి అక్కను పిలిచింది.

ఇందుమతి తలుపు తోసి గుమ్మంలో నిలబడింది.

"ఏంట్రా ఈ అవస్థ?"

"పెళ్లికి రాన్లే అక్కా. ముందు దీన్ని లాగెయ్యి."

ఇందుమతి లాగలేదు. బ్లేడు తెచ్చి నా పక్క కుట్లు విప్పింది. ఒళ్లొస్తే వదులు చేసుకోవడానికి మాకు లోపల మడత వదులుతారు, అదంతా బయటికొచ్చింది. అదీ చాలక నా వీపు నడిమికి కోసి, పాత లంగా ముక్క అతికి, రత్నం ఒంటిమీదే పెద్ద పెద్ద కుట్లు వేసింది. సూది రత్నానికి గుచ్చుకోకుండా ప్రతి కుట్టుకీ నా కింద తన వేలు అడ్డం పెట్టింది.

మగపెళ్లివాళ్లు ఏమంటారోనని రత్నం గొణిగింది.

"నాకేం తెలుసు? నాకూ దడగానే ఉంది. ముందు ఊపిరాడుతుందో లేదో చెప్పవే."

ఆడుతోందంది రత్నం.

నేనిక ఇందుమతికి పట్టను. ముహూర్తాల రోజులు కదా, ఏ దర్జీకీ తీరిక లేదట. అందుకని ఎల్లుండి పెళ్లికి నేనే వెళ్తున్నాను, వీపున వేరే రంగు అతుకుతో. పైట కప్పితే కనపడదంటోంది ఇందుమతి. కనపడుతుందనే నా బెంగ. అయినా ఈ పొద్దున ఆమె నన్ను ఉతికి, గంజి పెట్టి, పెళ్లికి తాను తొడుక్కోబోయే జాకెట్టు పక్కనే, వీధిలోకి కనపడే తీగమీద ఆరేసింది.