కనుమ తెరిచే ఉంది

క్రయాన్ పీఠభూమిలోని లాంగ్ రియాన్ ఊళ్ళో విమానం దిగే గడ్డి మైదానం నుంచి మలినావు విమానాశ్రయానికి ఆకాశమార్గాన నలభై నిమిషాలు. అడవిదారిన తొమ్మిది రోజులు. ఈ రెండింటి నడుమ ఆ ఊరివారి ఆయువు వేలాడుతుంటుంది.

ఆ ఉదయం లాబో రేడియో ముందు కూర్చున్నాడు. ఇరవయ్యారేళ్ళుగా విమానాలకు వాతావరణం చెప్పేది ఆయనే. పక్కింట్లో ఆయన కూతురు మార్తా, కాన్పయినా నెత్తురు ఆగక, క్షణక్షణానికీ పాలిపోతోంది.

“ఏం తాతా, మీ కొండ నిద్ర లేచిందా, ఇంకా దుప్పట్లోనే ఉందా?” మలినావు నుంచి పైలట్ హెండ్రిక్ గొంతు.

“మార్తాకి నెత్తురాగట్లేదు బాబూ.”

నవ్వు తెగిపోయింది. “అయ్యో! ఇప్పుడే బయల్దేరతా. కనుమ ఎలా ఉంది? నువ్వెలా అంటే అలా.”

లాబో తలెత్తాడు. విమానం దూరి రావలసిన కనుమ నిర్మలంగా ఉంది. కాని దాని అడుగున, నది మీదుగా, నూలుపోగంత మంచు లేస్తోంది. ఆ పోగు లేచిన ప్రతిసారీ అరగంట తిరగకుండా కనుమ మూసుకుపోయేది. పన్నెండేళ్ళ కిందట, లాబో ఊళ్ళో లేని పూట, ఎవరో ఆశకొద్దీ అన్న మాట నమ్మి వచ్చిన విమానం ఆ కనుమ గట్టుకే కొట్టుకుంది. ముగ్గురి శవాలను మోసినవారిలో లాబో ఒకడు.

“తెరిచుందని చెప్పండి మామయ్యా! కనపడుతోందిగా!” అన్నాడు అల్లుడు సకాయ్.

“వాడొచ్చేసరికి ఉండదురా.”

“పిడికెడు మంచుకి జడిసి నా పెళ్ళాన్ని చంపుతారా?”

లాబో కన్నులు మూసి దైవాన్ని తలచుకున్నాడు. తన బిడ్డకై మరొక తల్లి బిడ్డను పణం పెట్టడం ధర్మం కాదనిపించింది. మీట నొక్కాడు.

“రాకు బాబూ. మూసుకుపోతుంది.”

హెండ్రిక్ జవాబు వచ్చింది. “సరే తాతా. దక్షిణాన ఇంకో రోగి ఉన్నాడు, అటు పోతున్నా. మధ్యాహ్నం ఎటూ వానే. తెల్లారగానే వస్తా.”

పది నిమిషాలు గడిచాయి. మంచుపోగు పైకి ప్రాకింది. ఇరవై నిమిషాలకు పలచబడింది. ముప్పై నిమిషాలకు, లాబో ఎరిగిన కాలంలో ఎన్నడూ లేని విధంగా, ఎండలో కరిగి మాయమైంది. నలభై నిమిషాలకు కనుమలో ఒక్క మబ్బుతునకైనా లేదు.

కనుమ తెరిచే ఉంది, రమ్మనమని లాబో రేడియోలో అరిచాడు. మలినావు నుంచి ఎవరో జాలిగా అన్నారు: “వెళ్ళిపోయాడు తాతా, రేడియోకి అందట్లేదు. వేరే విమానం లేదు.”

సకాయ్ వెదురుగడలకు దుప్పటి కట్టసాగాడు.

“తొమ్మిది రోజుల దారిరా...”

“ఇక్కడ కూర్చుంటే ఎన్ని రోజులు మామయ్యా?”

ఊరివాళ్ళు నలుగురు మార్తాను మోసుకెళ్ళారు; లాబో వెంట నడిచాడు. మొదటి వాగు దాటకముందే వెనక మోసేవాడు మార్తా ఊపిరి ఆగిందని చూసి, డోలీని మెల్లగా దింపించాడు. మధ్యాహ్నం దాటింది, రావలసిన వాన రాలేదు. ప్రార్థించుదామని నోరు తెరిచిన లాబోకు, ఆ నిర్మలాకాశం కింద, ఒక్క మాటా రాలేదు.