నడుం కింద చెయ్యి

బస్సు డ్రైవరు తన భార్యను వెంటబెట్టుకుని పరుపుల దుకాణానికి వచ్చింది నడుం నొప్పి కోసమే. కాని అసలు భయం నడుములో లేదు, కుడి పాదంలో ఉంది. నెల రోజులుగా ఆ పాదం ఉండుండి మొద్దుబారిపోతోంది. మొన్న కూడలిలో బ్రేకు తొక్కాననే అనుకున్నాడు. కాలు పెడలు మీద లేదు. కిందికి చూసి మళ్ళీ తొక్కేసరికి, చంటిబిడ్డను ఎత్తుకుని రోడ్డు దాటుతున్న మనిషికి మూరెడు దూరంలో ఆగింది బస్సు. ఆ మాట ఇంట్లో చెప్పలేదు, డిపోలో అసలే చెప్పలేదు. చెబితే ఉద్యోగం పోతుంది. మంచి పరుపు దొరికితే అన్నీ సర్దుకుంటాయని తనకు తానే నచ్చజెప్పుకున్నాడు. మునిగేవాడికి గడ్డిపోచే ఆధారం కదా.

"తోటి డ్రైవర్లు చెప్పారని మూడు నెలలుగా చెక్క మీద పడుకుంటున్నారండీ. మనిషే చెక్కయిపోయాడు," అంది భార్య.

దుకాణం పెద్దావిడకు ఒక పద్ధతి ఉంది. చేత్తో నొక్కి చూసి కొంటానంటే పరుపు అమ్మదు. చెప్పులు విప్పి పది నిమిషాలు వెల్లకిలా పడుకోవాలి, ఆవిడ నడుం కింద చెయ్యి దూర్చి చూడాలి.

"నొప్పి కాల్లోకి దిగుతోందా నాయనా?"

"లేదే, కాలికేం, నిక్షేపంలా ఉంది," అని గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాడు.

మొదటి పరుపులో కూరుకుపోయాడు. చెయ్యి దూరలేదు. "ఇది ఊబి. హాయిగానే ఉంటుంది, పొద్దున లేవలేవు," అంది పెద్దావిడ. రెండోదాని మీద చెయ్యి అటునుంచి ఇటు వచ్చేసింది. "ఇది బండ. నడుం గాల్లో ఉంది."

మూడోదానిలో చెయ్యి కాస్త బిగువుగా దూరింది. "ఇదీ లెక్క. భుజాలు దిగాలి, నడుం ఆనాలి."

నిజంగానే నొప్పి తగ్గింది. డ్రైవరు కళ్ళు మూసుకున్నాడు. ఇక గండం గడిచినట్టేనని ప్రాణం కుదుటపడింది.

కాళ్ళ దగ్గర కూర్చున్న భార్య అడిగింది. "ఎలా ఉంది?"

"బాగుంది."

"ఇప్పుడు?"

"బాగుందనే చెప్తున్నాగా."

"నేనేం చేస్తున్నానో చెప్పండి."

కళ్ళు తెరిచాడు. ఆమె అతని కుడి పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని అరికాలిలో బొటనవేలి గోరు దించి ఉంది. ఆమె మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"గిలిగింతలు పెడదామని ముట్టుకున్నాను. ఎప్పట్నుంచి ఇలా?"

"నెలయింది." మొన్నటి కూడలి సంగతి కూడా చెప్పేశాడు.

పెద్దావిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. "పరుపు నడుమును మోస్తుంది నాయనా, కాలికి ప్రాణం పోయలేదు. ముందు డాక్టరు దగ్గరికి నడవండి."

భార్య అతని జేబులోంచి ఫోను తీసి చేతిలో పెట్టింది. "డ్యూటీ మూడింటికి. డిపోకు మీరు చేస్తారా, నన్ను చెయ్యమంటారా?"

"ఉద్యోగం పోతుందే."

ఆమె ఫోను వైపే చూస్తూ కూర్చుంది. అతను నంబరు నొక్కాడు.

"ఏంటోయ్, ఇవాళ ఆలస్యమవుతుందా?" అన్నాడు డిపో అధికారి.

"కాదు సార్. నాకు బస్సు ఇవ్వకండి."