వేలెడు వదులు

చెబితే అక్క కోప్పడుతుందని చెప్పలేదనుకోవడం కూడా అబద్ధమే. కోప్పడకుండా ఊరుకుంటుందేమోనన్నదే అసలు భయం. నా కిడ్నీలు రెండూ పాడైనప్పుడూ అంతే. నేను నోరు తెరవకముందే అక్క పరీక్షలన్నీ చేయించుకొచ్చి, "నాది నీకు సరిపోయిందట," అంది, చొక్కా కొలత సరిపోయిందన్నట్టు. నాలుగేళ్ళయింది.

ఈ కుట్టుషాపులో తను కత్తిరిస్తుంది, నేను కాజాలు కుడతాను. ఏడాది కిందట, బిడ్డను కంటానంటే డాక్టరమ్మ సరేనని మందులు మార్చింది. ఇప్పుడు నాలుగో నెల. మా ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. పొత్తికడుపులో కుడిపక్కన అక్క ఇచ్చిన కిడ్నీ, దాన్ని ఆనుకునే ఇది. ఒకదాని కోసం ఇంకోదాన్ని పణం పెట్టానా అని రోజూ నాలో నేనే పంచాయితీ పెట్టుకుంటాను. ఎటూ తేలదు.

"చేతులెత్తు," అంది అక్క. మిగిలిన గుడ్డతో నాకేదో కుట్టాలని ఇవాళ బుద్ధి పుట్టింది తనకి. వద్దంటే వినలేదు. టేపు నడుం చుట్టూ తిరిగింది. కుడిపక్క ఒత్తుకోకూడదని ఎప్పుడూ టేపు కింద వేలు పెట్టి వదులు చూస్తుంది. పాత కొలత దగ్గర పట్టుకుంటే ఈసారి వేలు దూరలేదు.

టేపు వంక చూసింది. నా మొహం వంక చూసింది.

"ఎన్నో నెల?"

"నాలుగు."

"నా వాటా పక్కనే మనిషిని దింపి, నాతో మాట మాత్రం చెప్పలేదన్నమాట."

నవ్వబోయాను. తను నవ్వలేదు.

"డాక్టరేమంది?"

"ఇప్పటికి నిలకడగానే ఉందట. నెలనెలా రక్తపరీక్ష. బీపీ పెరక్కుండా చూసుకోమంది."

"కిడ్నీ దెబ్బతింటే?"

"తినొచ్చు కూడా అంది."

అక్క టేపుని వేళ్ళకి చుట్టింది, విప్పింది, మళ్ళీ చుట్టింది.

"ఇవ్వడానికి నా దగ్గర ఇంకోటి లేదే పిల్లా."

కోపమైతే తట్టుకునేదాన్ని. ఇది, అడిగిన రంగు గుడ్డ అయిపోయిందని గిరాకీలకు చెప్పేటప్పటి గొంతు. ఆపరేషన్ అయినప్పటినుంచి నేను తనని గ్లాసుడు మంచినీళ్ళు కూడా అడగలేదు. అంత తీసుకున్నాక ఇక అడక్కపోవడమే మర్యాద అనుకున్నాను. అది తనకెలా ఉంటుందో ఒక్కసారీ అనుకోలేదు.

"సోమవారం పరీక్ష ఉంది," అన్నాను. తన చేతిలోని టేపు కొస పట్టుకున్నాను.

"నాతో రా అక్కా."