అత్త పెట్టెలోని బట్టలు

మా నరీన్ ఊళ్ళో పెళ్ళికి వెళ్ళినా చావుకు వెళ్ళినా చేతిలో ఒక బట్ట పెట్టి పంపుతారు. మా అత్త బాత్మా అలా వచ్చినవన్నీ పెట్టెలో దాచి, తర్వాత ఇంకొకరికి పెడుతుంది. నాకు నెలలు నిండాక, పుట్టబోయే బిడ్డకు అతుకుల బొంత కుట్టడానికి నాలుగు ముక్కలు ఇమ్మన్నాను.

"కత్తెర పడితే రేపు ఇంకొకరికి ఏం పెడతానే? ఒళ్ళో పడుకోబెట్టుకో, వెచ్చగానే ఉంటుంది."

కాన్పయ్యాక అత్త ఆడపడుచు సైరకాన్ నీలం మఖమల్ బట్ట తెచ్చింది. అత్త అంచు తిప్పి చూసింది. మూడేళ్ళ కిందట, తాను పెట్టిన బట్టను ఎవరు తిప్పి పెడతారో పట్టుకుందామని తానే వేసిన ఎర్ర దారపు కుట్టు కనిపించింది.

"నా బట్ట నాకే పెడతావా వదినా?"

"నీ దగ్గర నేర్చుకున్నదేగా."

ఆమె వెళ్ళగానే అత్త కత్తెర తీసింది. "ఇక నా బట్ట ఏ గుమ్మమూ ఎక్కదు," అంటూ పెట్టెలోవన్నీ కోసేసింది. నేను ఓదార్చలేదు, ముక్కలు ఏరుకున్నాను.

ఇప్పుడు నా కూతురు నానమ్మ కోపం కప్పుకుని హాయిగా నిద్రపోతోంది.