బడి తాళంచెవి

తెలంగాణ నుంచి అంతరిక్షానికి వెళ్లొచ్చిన మొదటి ఆడబిడ్డ సమ్మక్క. మానుకోట అవతల ఆమె చదివిన ఊరిబడిలో సన్మానం పెట్టారు. కారు దిగగానే పెద్దసారు ఆమె చేతిలో తాళంచెవి పెట్టాడు.

“బాత్రూం మీకోసమే కడిగించినం మేడం.”

“మరి పిల్లలకు?”

“వాళ్లకిస్తే ఖరాబు జేస్తరు.”

సమ్మక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంటికి పోయేదాకా ఆపుకోవాలి కదా అని, ఇదే బడిలో ఐదేళ్లపాటు ఆమె గుక్కెడు నీళ్లు తాగలేదు.

స్టేజీ మీద సర్పంచి ఇకిలిస్తూ అడిగాడు. “పైన ఒంటికెట్ల పోయినవు బిడ్డా?”

“వచ్చినప్పుడల్లా పోయిన. ఆడ తాళం లేకుండె.”

మైకు వదిలేసి కిందికి దిగింది. ముందు వరుసలో పెదవులెండిపోయి కూర్చున్న ఆడపిల్ల గుప్పిట్లో తాళంచెవి పెట్టింది.

“తలుపు దీసి, తాళం బాయిల పడెయ్యి.”