తాడు పట్టినవాళ్ల వాటా

పరీక్ష రోజు పొద్దుటే నూకయ్యకు హాలు టికెట్టు ఇవ్వకుండా వరండాలో నిలబెట్టారు. పరీక్ష ఫీజు కట్టాడు. యూనియన్ ఫీజు కట్టలేదు, అదీ అతని నేరం. కట్టనివాడికి టికెట్టు లేదనే నిబంధన యూనియనే పెట్టించింది.

కళింగపట్నం దగ్గర మా కాలేజీ పాత ఉప్పు గిడ్డంగిలో నడిచేది. మాకూ శ్రీకాకుళం టౌను కాలేజీకీ కలిపి ఒకటే యూనియన్, దాని ఆఫీసు అక్కడే. ఫీజు రెండుచోట్లా ఒకటే. పుస్తకాలూ ఆటల సామానూ మాత్రం టౌనువాళ్లవి. మా వాటా తేలేదాకా కట్టనని నూకయ్య మా అందరి తరఫునా ఆపాడు. ఒకడు ఆపితే చాలు, మాట్లాడడానికి వస్తారనుకున్నాం. ఎందుకంటే యూనియన్ ప్రెసిడెంటు జగన్నాధం మావాడు. మా గిడ్డంగిలోనే పీయూసీ చదివాడు. నూకయ్య తల్లి గురమ్మ వండిన చేపల పులుసు ఎన్నిసార్లు తిన్నాడో. కిందటేడు టౌనులో యూనియన్ సమ్మె చేస్తే, అతని కబురందుకుని నడిచి వెళ్లి, పోలీసులు విరుచుకుపడినప్పుడు అతనికి అడ్డంగా నిలబడి దెబ్బలు తిన్నాం.

ఈసారి మా కబురందుకుని అతనొచ్చాడు. ప్రిన్సిపాల్ గదిలో టీ తాగుతూ మమ్మల్ని పిలిచాడు.

"రూలు రూలే నూకయ్యా. నీకొక్కడికి సడలిస్తే యూనియన్ నిలవదు."

"మాకేటి ఇచ్చినారో సెప్పు బావా, ఇప్పుడే కట్టేస్తాను."

"మీరెంతమందిరా? గుప్పెడు మందికి లైబ్రరీ పెట్టమంటే ఎలా?"

"మా రేవులో పెద్ద వల లాగినప్పుడు తాడు పట్టినోల్లందరికీ వాటా ఉంటాది. ముసిలోడు పట్టినా ఇత్తారు. కిందటేడు మాం దెబ్బలు తిన్నప్పుడు ఎంతమందని అడగలేదు నువ్వు."

"ఇది రేవు కాదు" అన్నాడు జగన్నాధం, కప్పు కింద పెడుతూ. నాకు ఒళ్లు మండిపోయింది.

అతను బస్సెక్కి వెళ్లిపోయాక ప్రిన్సిపాల్ మెత్తగా మొదలుపెట్టాడు. "ఈ యూనియన్ మాకొద్దని అందరూ రాసివ్వండి. ఫీజూ ఉండదు, గొడవా ఉండదు. నూకయ్య ఇప్పుడే పరీక్ష రాసుకోవచ్చు."

"రాసిచ్చీదాం" అంది తవిటమ్మ. మా క్లాసులో అందరికంటే గట్టిగా మాట్లాడే పిల్ల. "మనల్ని అమ్మేసినోడికి మనం ఫీజు కట్టీదేటి?"

"అమ్మీసినోడు ఆడు. యూనియన్ ఆడి సొత్తేటి?" అన్నాడు నూకయ్య. "రేపు ఈ ప్రిన్సిపాలే మనల్ని గెంటితే ఎవులొత్తారు? వాటా అడగడానికొచ్చి తాడే ఒగ్గీసి పోతామా?"

పరీక్ష పోతే చదువు అంతటితో సరి. తండ్రి వెనక తెప్ప ఎక్కాల్సిందే. అది మా అందరికంటే అతనికే బాగా తెలుసు.  తవిటమ్మ తన హాలు టికెట్టు ప్రిన్సిపాల్ బల్లమీద పడేసింది. తర్వాత మేమంతా పడేశాం. శ్రీకాకుళం దారి పట్టాం.

యూనియన్ ఆఫీసుకు తాళం వేసి ఉంది. ముందు పోలీసు వ్యాను. మేం వస్తున్నామని తెలిసి పిలిపించింది జగన్నాధమే. వేలెత్తి నూకయ్యను చూపించిందీ అతనే. ఆ చెయ్యి చూసి నాకు ఏడుపొచ్చింది.

నూకయ్యను వ్యానులోకి తోశారు. గోలకు టౌను కాలేజీ పిల్లలు బయటికొచ్చారు. ఎవరు వీళ్లని ఒకడు అడిగాడు.

"మాం కూడా మీలాగే ఫీజు కడతన్నోల్లం" అన్నాడు నూకయ్య ఊచల వెనకనుంచి. "మా కాలేజీకి ఏటిచ్చినాడో మీ ప్రెసిడెంటుని అడగండి."

వాళ్లు అడిగారు. జగన్నాధం వ్యాను పోనిమ్మని డ్రైవరుకు చెయ్యూపాడు.

తవిటమ్మ వెళ్లి వ్యాను చక్రాల ముందు కూర్చుంది. మేమూ కూర్చున్నాం. కాసేపటికి ఎవరో నన్ను కొంచెం జరగమని నా పక్కన చతికిలబడ్డాడు. వాడెవడో నాకు తెలీదు. టౌను కాలేజీవాడు.